ఏ కట్టమీద కూర్చుందాము?

నిరుడు మా బృందం రెండుగా చీలిపోయేంత పని అయింది. తగవు డబ్బు దగ్గర రాలేదు. మా దగ్గర డబ్బే లేదు. పదవుల దగ్గరా రాలేదు. అధ్యక్షుడనీ కార్యదర్శి అనీ మాకెవరూ లేరు. నలుగురమూ ఎక్కడ కూర్చుని మాట్లాడుకోవాలి అన్న ఒక్క సంగతి మీద మూడు నెలలు కొట్లాడుకున్నాము. చాప వేసుకుని కూర్చోవడం సంగతి కాదు లెండి. ఎవరింట్లో వారుండి, ఫోనులోనో కంప్యూటరులోనో మాట్లాడుకొనే చోటు సంగతి. విన్నవారు నవ్వుతారు. మేమూ మొదట నవ్వాము.

మా సంగతి కొంచెం చెప్పాలి. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం, ఈ గనుల ఊళ్ళవాళ్ళం కొందరం. బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపువాళ్ళు కొందరు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ రోజూ రైలులో పోయివచ్చే కుర్రవాళ్ళు మరి కొందరు. అందరమూ కలిసి 17 మందిమి. మా పని ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరుతో. అంటే లోపలి రాత అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేరు. కావలసినవారు చూడవచ్చు, దిద్దవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఆఫీసులవారు మూలపడేసిన కంప్యూటర్లు అడిగి తెచ్చి, లినక్సు వేసి, పిల్లలకు ట్యూషను చెప్పే ఇళ్ళకు ఇస్తాము. తెరమీద కనపడే ఇంగ్లీషు మాటలకు తెలుగు, కన్నడ మాటలు చేరుస్తాము. మూడో పని ఒకటి ఉన్నది. మాకు ప్రాణం అదే. గనుల మాటలు కూడబెట్టడం.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ బంగారం తవ్వడం మొదలుపెట్టారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 2001లో గనులు మూతపడ్డాయి. ఈలోపల తెలుగూ, తమిళమూ, కన్నడమూ, ఉర్దూ, ఇంగ్లీషూ గని చీకట్లో కలిసి ఒక మాటతీరు తయారయింది. తెల్లదిబ్బలు ఇంకా నిలిచి ఉన్నాయి గాని ఆ మాటలు నిలవలేదు. అవి నోట్లో ఉన్నవారు ఇప్పుడు అరవై దాటినవారు. వారు ఉండగానే రాసుకోవాలని మా ఆత్రం.

అట్లాంటివారిలో ఒకరు మా వైండరు మామ. గనిలోకి మనుషులను దింపే ఇంజను నడిపినాయన. ఆయనకు రాయడమంటే విసుగు. కాని మేము ఫోనులో గుంపు కట్టగానే, రాత్రి భోజనమయ్యాక వాకిట్లో కూర్చుని గొంతుతో సందేశాలు పంపడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి రెండు నిమిషాలో మూడు నిమిషాలో. ఒకరోజు గంటల సంగతి చెప్పాడు.

"ఇంజను గదిలో ఉండే నాకు కేజు కనపడదప్పా. కింద మనిషీ కనపడడు. గంట ఒక్కటే. ఇన్నిసార్లు మోగితే ఇది అని గోడమీద పలక రాసిపెట్టి ఉంటుంది. పలకలో లేని గంట మోగితే ఇంజను కదిలించేదే లేదు. నేనూ కిందివాడూ ఇద్దరమూ ఆ పలకనే నమ్ముకున్నాం."

అందరమూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టాము. ఇట్లా ఏడాది గడిచింది. మాటలు కూడుతున్నాయనే అనుకున్నాము.

ఆ మొదటి గుంపు ఏ సాధనంలో ఉండేదో ఇక్కడ అనవసరం. జరిగిన రెండు తప్పులూ మావే.

మొదటిది ఇది. మామ గొంతు సందేశాలను దించి దాచవలసిన పని ఎవరిది అని ఎవరూ అడగలేదు. బెంగుళూరు కుర్రవాళ్ళు దాచి ఉంటారని మేము అనుకున్నాము. ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తాము గదా, మేము దాచి ఉంటామని వారు అనుకున్నారు. ఫోను నిండిపోయి ఒకరు తుడిచేశారు. ఫోను పాడై ఒకరు కొత్తది కొన్నారు. మరొకరు అసలు తెరిచి వినలేదు. తీరా పట్టిక వేయడానికి కూర్చున్ననాడు చూస్తే ముప్పైకి పైగా ఉండవలసినవాటిలో మాకు చిక్కినవి తొమ్మిది.

సిగ్గుపడుతూ మామ ఇంటికి పోయాము. ఆయన కోప్పడలేదు. "దానికేమప్పా, మళ్ళీ చెప్తాను" అన్నాడు. నాలుగు ఆదివారాలు చెప్పాడు. కాని ఒక్కటి మాత్రం చెప్పలేదు. రాయి పగిలి లోపల మనుషులు చిక్కుకున్న ఒక రాత్రి సంగతి, ఇంజను దగ్గర కూర్చుని తాను గంట కోసం ఎదురుచూసిన సంగతి, వెనుక ఒకసారి చెప్పి ఉన్నాడు. గనులవాళ్ళకు రాక్‌బర్స్టు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అది మళ్ళీ అడిగితే, "ఆ పొద్దు ఏదో చెప్పాలనిపించింది, చెప్పేసినాను. ఇంక అడగవద్దండప్పా" అన్నాడు. మేము అడగలేదు. అది పోయింది.

రెండో తప్పు ఇంకా చెడ్డది. ఒక కాలేజీలో సభ పెట్టి, వచ్చినవారు ఎవరైనా గుంపులో చేరవచ్చునని చేరే దారి గోడకు అతికించాము. ఎవరెవరో చేరారు. గుంపులో ఒకరి ఫోను నంబరు ఒకరికి కనపడుతుంది. మాలో కన్నడం తెలుగూ రెండూ బాగా వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. తెర మాటలలో సగం ఆమె చేసినవే. వాడెవడో ఆమెకు రాత్రిళ్ళు ఫోను చేయసాగాడు. ఆమె మాకు చెప్పింది. చెప్తే మేమన్నదేమిటి? "నంబరు మార్చుకోరాదా అమ్మా" అన్నాము. ఆమె నంబరు మార్చుకోలేదు. గుంపులోనుంచి వెళ్ళిపోయింది. నెల దాటితేగాని ఆమె లేదని మాలో చాలామందికి తెలియనే లేదు.

అప్పుడు లేచింది చర్చ. బెంగుళూరు కుర్రవాడొకడు గట్టిగా అన్నాడు: "అన్నా, మనం చేసేది తెరిచిన సాఫ్ట్‌వేరు పని. మాట్లాడుకునేది మాత్రం మూసిన పెట్టెలోనా? ఇది మడి కట్టుకుని హోటల్లో తిన్నట్టుంది." దానికి శ్రీనివాసపురం మాస్టారు, "నీ పెట్టె తెరిచి ఉంటే ఏం నాయనా, అందులోకి మా ఇంటివాళ్ళు రాగలగాలి గదా. ఉన్నది ఒక్క ఫోను, అదీ పాతది" అన్నారు. ఇద్దరిదీ నిజమే. అందుకే తగవు తెగలేదు.

మాకు తెలిసిన విద్య ఒక్కటే, పట్టిక గీయడం. లెడ్జరు కాగితం మీద అడ్డంగా సాధనాల పేర్లు రాసి, నిలువుగా ఆరు ప్రశ్నలు రాశాము. నంబరు బయటపెట్టకుండా చేరవచ్చునా? పాత ఫోనులో, సిగ్నలు వచ్చిపోయే రైలులో నడుస్తుందా? ఆలస్యంగా చేరినవారు పాత మాటలు చదవగలరా? మాటలన్నీ మూట కట్టుకుని మరొకచోటికి పోవచ్చునా? యజమాని మారితే, రూలు మారితే, మన గతి ఏమిటి? అరవై దాటినవారు ఒకరి సాయం లేకుండా వాడగలరా?

ఇక ఒక్కొక్కదాన్నే చూశాము.

అన్నిటికన్న పాతది ఐఆర్‌సీ. 1988లో ఫిన్లాండు దేశంలో ఔలూ ఊళ్ళో యార్కో ఒయికరినెన్ అనే ఆయన చేసినది. ఎంత పాత కంప్యూటరైనా చాలు; ఫోను నంబరు అడగదు. ప్రపంచంలో ఓపెన్ సోర్సు పని చేసేవారు చాలామంది ఏళ్ళ తరబడి అక్కడే కూడారు. కాని అక్కడ మనం లేని సమయంలో అన్న మాట మనకు అందదు. రైలు సొరంగంలో దూరితే అంతే సంగతులు. పైగా 2021లో ఒక పెద్ద పాఠం జరిగింది. ఫ్రీనోడ్ అనే పెద్ద ఐఆర్‌సీ కేంద్రం ఎవరి చేతిలో ఉండాలన్న తగవు ముదిరి, దాన్ని నడిపే స్వచ్ఛంద కార్యకర్తలు ఒక్కుమ్మడిగా బయటికి వచ్చి లిబెరా చాట్ అని వేరే పెట్టుకున్నారు. వందల బృందాలు మూటాముల్లే సర్దుకుని వారి వెంట నడిచాయి. మా అయిదో ప్రశ్న ఊరికే వేసినది కాదని అప్పుడు తెలిసింది.

వాట్సాప్ అందరి చేతిలోనూ ఉన్నది, నేర్పనక్కరలేదు. కాని మేము పట్టిక వేసేనాటికి అక్కడ చేరడానికి నంబరే ఆధారం. 2014లో అది ఫేస్‌బుక్ వారి చేతికి పోయింది. 2021లో రూల్సు మారుస్తామనగానే ఎందరో సిగ్నల్‌కూ టెలిగ్రామ్‌కూ వలస పోయారు. సిగ్నల్‌ను నడిపేది లాభం చూసుకోని సంస్థ. చేరడానికి నంబరు కావాలి గాని, 2024 నుంచి దాన్ని ఇతరులకు కనపడకుండా దాచి వేరే పేరు పెట్టుకోవచ్చు. మనసులో మాట చెప్పుకోవడానికి మంచిది. వచ్చేపోయేవారి సభకు కుదరదనిపించింది, తరువాత చేరినవారికి పాత మాటలు కనపడవు గనుక. టెలిగ్రామ్ తేలిక, పాత మాటలు కనపడతాయి. కాని ఫోనులోని భాగం మాత్రమే తెరిచినది. అవతల సర్వరులో ఉన్నది మూసినదే. స్లాక్ ఆఫీసులవారికి నచ్చినది. అయితే డబ్బు కట్టనివారికి 2022 నుంచి 90 రోజులకు ముందటి మాటలు కనపడవు. మామ మాటలు పోగొట్టుకున్న మాకు ఆ అంకె చూడగానే గుండె ఝల్లుమన్నది.

జూలిప్ 2015లో ఓపెన్ సోర్సు అయింది. అక్కడ ప్రతి సంగతికీ ఒక శీర్షిక పెట్టి మాట్లాడాలి. ఫైలు పక్కన ఫైలు పేర్చినట్టు ఉంటుంది. గుమాస్తా కళ్ళకు అది స్వర్గం. రెండు వారాలు వాడి చూశాము. మాకు నచ్చింది. పెద్దలు మాత్రం "బాగున్నారా అని అడగడానికి శీర్షిక ఏం పెట్టాలప్పా?" అని మెల్లగా జారుకున్నారు.

మిగిలింది మాట్రిక్స్. 2014లో మొదలైనది. దీన్ని పోస్టాఫీసులతో పోల్చి చెప్తే మావాళ్ళకు అర్థమయింది. రాబర్ట్‌సన్‌పేట పోస్టాఫీసులో వేసిన ఉత్తరం ముళబాగిలు పోస్టాఫీసుకు చేరినట్టే, ఒక సర్వరులో ఖాతా ఉన్నవారు మరొక సర్వరులో ఉన్నవారితో మాట్లాడవచ్చు. అంతటికీ ఒక్క యజమాని అంటూ లేడు. ఫోను నంబరు అక్కరలేదు. ఫ్రెంచి ప్రభుత్వంవారు తమ ఉద్యోగుల కోసం దీనిమీదనే 2019లో చాప్ అనే సాధనం కట్టుకున్నారు. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లావారు 2020లో తమ పాత ఐఆర్‌సీ మూసి ఇక్కడికే వచ్చారు.

అయితే దీనికీ చిక్కులు లేకపోలేదు. 2023 మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం భద్రతా కారణాలు చెప్పి 14 యాప్‌లను ఆపివేసినట్టు వార్త వచ్చింది. వాటిలో మాట్రిక్స్‌కు వాడే ఎలిమెంట్ కూడా ఒకటి. ఆ మాట ఎత్తగానే మాస్టారు "చూశారా, నే చెప్పలేదా" అన్నారు. కుర్రవాడు జవాబు చెప్పాడు: "ఎలిమెంట్ ఒక్కటే వాకిలి కాదు మాస్టారూ. అదే ఇంట్లోకి పోయే వాకిళ్ళు ఇంకా ఉన్నాయి." రాత తెరిచి ఉంటే కలిగే లాభం అది. ఇంకొక చిక్కు తాళాల సంగతి. మాటలకు తాళం వేసే ఏర్పాటు పెట్టుకుంటే, ఫోను మార్చిననాడు తాళంచెవి దాచుకోనివారికి పాత మాటలు చదవరావు. మాది ఎవరైనా రాదగిన గది, అందులో రహస్యమేమున్నది? ఆ గదికి తాళం వద్దనుకున్నాము. ఇంటి సంగతులు, ఒంటి సంగతులు అక్కడ మాట్లాడుకోరాదని కూడా రాసుకున్నాము.

పాతదాన్నీ కొత్తదాన్నీ వంతెన వేసి కలిపితే ఎవరూ కదలనక్కరలేదు గదా అని ఒకరు అన్నారు. అది కూడా ఆలోచించాము. కాని లిబెరా చాట్‌కూ మాట్రిక్స్‌కూ నడుమ ఉన్న పెద్ద వంతెన 2023లో మూతపడింది. కట్టినవారికే కాపాడడం కష్టమైతే 17 మందిమి ఏం కాపాడగలము?

పట్టిక ముగించి, తీర్మానం రాసేముందు, వెళ్ళిపోయిన ఆ అమ్మాయి ఇంటికి మేమూ మాస్టారూ కలిసి పోయాము. ముందు క్షమించమని అడిగాము. తరువాత కాగితం చూపించాము. ఆమె ఆరు ప్రశ్నలూ చదివింది. కాసేపు ఊరుకుని, "అన్నా, ఇందులో ఒకటి లేదు" అన్నది.

"ఏమిటమ్మా?"

"చెడ్డగా నడుచుకున్నవాణ్ణి బయటికి పంపే అధికారం ఎవరిది? వాడు ఎవరి స్నేహితుడైనా పంపుతారా? ఎంతసేపట్లో పంపుతారు?"

మా దగ్గర జవాబు లేదు. సర్వరులు, యజమానులు, ఫిన్లాండు, ఫ్రాన్సు అన్నీ చూసివచ్చాము గాని మా వాకిట్లో ఎవరు కాపలా ఉంటారో రాసుకోలేదు. ఏ సాధనమూ ఆ ప్రశ్నకు తనంతట తాను జవాబు చెప్పదు. అక్కడే కూర్చుని ఏడో ప్రశ్న రాశాము. ముగ్గురిని కాపలాకు పెట్టాలనీ, ముగ్గురిలో ఒకరు స్త్రీ అయి ఉండాలనీ, ఫిర్యాదు వచ్చిన రోజే ఆ మనిషిని గదిలోనుంచి బయట ఉంచి తరువాత విచారించాలనీ నిర్ణయించుకున్నాము. "నంబరు మార్చుకో" అన్న మాట ఎవరూ అనరాదని కూడా. ఈ చివరి రూలు ఆమె నవ్వుతూ చెప్పింది, మేము నవ్వలేదు.

తీర్మానం ఇట్లా అయింది. పనిమాటలకు మాట్రిక్స్‌లో ఒక గది. నంబరు లేదు, ఎవరికి నచ్చిన పేరు వారిది. పాత ఫోను గుంపు ఉంటుంది గాని, అందులో "రేపు ఆదివారం పది గంటలకు ఫలానా ఇంట్లో" అన్న కబురు తప్ప మరేమీ ఉండదు, రాసేది ఇద్దరే, కొత్తవారిని అందులో చేర్చుకోరు. ఇక మూడోది మేము పట్టుబట్టి పెట్టించినది. ప్రతి ఆదివారం ఒకరు ఆ వారం మాటలలో నిలవదగినవి ఏరి, మామూలు రాతగా ఒక ఫైలులో రాసి, గొంతు సందేశాలను దించి, రెండుచోట్ల దాచాలి. ఎవరి వంతు ఏ వారమో ముందే పట్టిక.

ఎందుకు పట్టుబట్టామంటే, ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్నది ఇదే. వరండాలో అనుకున్న మాట వేరు, ఫైలులో రాసిన నోటు వేరు. వరండా మాట లేకపోతే ఆఫీసు నడవదు. కాని వరండా మాటను ఫైలు అనుకున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటాడు. మేము ఏడాదిపాటు వరండాలో మాట్లాడుకుంటూ ఫైలు తయారవుతున్నదనుకున్నాము. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో కూడా రచ్చబండ అని మాట్లాడుకొనే చోటు ఒకటి ఉన్నది. అక్కడ ఎవరు ఏ రోజున ఏమన్నారో ఇప్పటికీ తీసి చూడవచ్చు. కబుర్ల గదికి ఆ గుణం పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు కూర్చుని రాసి తేవాలి.

ఇప్పటి సంగతి దాచకుండా చెప్తాము. 17 మందిలో ముగ్గురు కొత్త గదికి రాలేదు, మాటిమాటికీ పిలుస్తున్నాము. ఇద్దరు కొత్తవారు చేరారు, పాత మాటలన్నీ చదివి మరీ చేరారు. ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. తన పేరుతో రాలేదు. ఒక పూవు పేరు పెట్టుకుని వచ్చింది. ఆ పూవు ఎవరో తెలిసినవారికి తెలుసు, తెలియనివారికి అక్కరలేదు. కాపలా ముగ్గురిలో ఆమె ఒకరు. ఒకసారి ఆ రూలు అమలు చేయవలసి వచ్చింది. పది నిమిషాల్లో పని అయింది.

వైండరు మామ మటుకు కొత్త గదిలో సరిగా కుదురుకోలేదు. సంకేతపదం మరిచిపోతాడు, మనుమడు వచ్చి తెరిచిపెట్టాలి. ఆరో ప్రశ్నకు మా ఎంపిక ఓడిపోయిందని ఒప్పుకోక తప్పదు. అందుకని ఆదివారం మేమే ఆయన వాకిటికి పోయి కూర్చుంటున్నాము. ఆయన చెప్తాడు, ఒకరు రికార్డు చేస్తారు, ఒకరు రాస్తారు, పొద్దుగూకేలోపల రెండుచోట్ల దాచడం అవుతుంది.

మొన్న ఆయనకు మా ఏడు ప్రశ్నల కాగితం, దాని కింద రాసుకున్న రూల్సు చదివి వినిపించాము. అంతా విని, "ఇది ఆ పలకే గదప్పా" అన్నాడు. తరువాత, "గదిలో అందరికీ కనపడేటట్టు పెట్టండి. మూల పెట్టేరు" అన్నాడు. ఆ సాయంత్రమే గది మొదట్లో, లోపలికి వచ్చేవారికి ముందు అదే కనపడేటట్టు పెట్టాము.

పాఠకులలో చాలామందికి ఓపెన్ సోర్సుతో పని ఉండదు. కాని బంధువుల గుంపు, భజన గుంపు, పాత విద్యార్థుల గుంపు లేని ఇల్లు ఇప్పుడు లేదు. వాటిలో మీ పెద్దవారు ఎవరో గొంతుతో ఏదో చెప్పి ఉంటారు. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని అవి దించి దాచండి. మళ్ళీ అడిగితే చెప్తారులే అని మేమూ అనుకున్నాము.